గంజి తెలిసిన ఇంట్లో క్రీమెందుకు?

వైట్ సాస్ పాస్తాను తేలిక చేసే ఉపాయం ఏ కొత్త డబ్బాలోనూ లేదు. మనం సింకులో పారబోస్తున్న నీళ్లలో ఉంది.

మొన్నమొన్నటిదాకా మా ఇంట్లో గురువారం రాత్రి నలుగురికి నాలుగు రకాల భోజనాలు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి బయటి నుంచి తెప్పించిన చికెన్ వైట్ సాస్ పాస్తా. గురువారం నీసు ముట్టని మా అమ్మకు రెండు పుల్కాలు, సొరకాయ కూర. ఎనిమిదిన్నరకు ఆఫీసు నుంచి వచ్చే మా ఆవిడకు ఫ్రిజ్‌లో ఏది కనిపిస్తే అది. నాకు డాక్టర్ రాసిచ్చిన కాగితం ప్రకారం ఓట్స్. నలుగురం నాలుగు వేళల్లో తినేవాళ్లం. భోజనాల బల్ల మీద ఇస్త్రీ బట్టలు, కరెంటు బిల్లులు పేరుకుపోయేవి.

అంతకు ముందు ఇలా ఉండేది కాదు. పాస్తా డబ్బా రాగానే మా అమ్మాయి వంటింట్లోంచి రెండు ఫోర్కులు తెచ్చేది. ఒకటి తనకు, రెండోది నాకు. నిరుడు ఆఫీసువాళ్లు చేయించిన పరీక్షల్లో నా కొలెస్టరాల్ ఉండాల్సిన గీత దాటిందని తేలింది. డాక్టర్ ఒక మాత్ర రాసి, వెన్న, క్రీమ్, బేకరీ సరుకు బాగా తగ్గించమన్నారు. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు రెండు ఫోర్కులే వచ్చాయి. నేను వద్దనేవాణ్ని. ఓ గురువారం ఒక్కటే వచ్చింది. ‘‘నువ్వెలాగూ తినవుగా నాన్నా’’ అంది మామూలుగానే. తప్పు పట్టడానికేమీ లేదు. కానీ పదమూడేళ్ల పిల్లతో ఒకే గిన్నెలో తినే సాయంత్రాలు ఇంకెన్నో మిగిలి ఉండవని ఏ తండ్రికైనా తెలుసు. ఆ రెండో ఫోర్కును మళ్లీ రప్పించాలన్నదే ఈ వంట వెనకున్న అసలు కారణం. ఆరోగ్యం ఆ తర్వాతి సంగతి.

పుస్తకం చూసి చేసిన మొదటి ప్రయత్నంలో రుచికి లోటు లేదు, లెక్క దగ్గరే దొరికిపోయాను. నలుగురికి 200 మిల్లీలీటర్ల ఫ్రెష్ క్రీమ్, 50 గ్రాముల వెన్న, 80 గ్రాముల చీజ్ వేయమంది పుస్తకం. మన దుకాణాల్లో సాధారణంగా దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో నాలుగో వంతు కొవ్వే. అంటే ఆ డబ్బాలో 50 గ్రాములు. వెన్నలో 80 శాతం కొవ్వు కనుక మరో 40. చీజ్‌లోనూ దాదాపు నాలుగో వంతు కనుక ఇంకో 20. వెరసి 110 గ్రాములు. కోడిమాంసం, నూనె లెక్కలోకి రాకముందే మనిషికి 27 గ్రాముల పైచిలుకు. అందులో అధిక భాగం డాక్టర్లు తగ్గించమనే సంతృప్త కొవ్వే. గ్రాము కొవ్వుకు 9 కేలరీల చొప్పున ఒక్క సాస్‌లోని కొవ్వు నుంచే దాదాపు 250 కేలరీలు. మధ్యతరగతి మనిషి ఏ పెళ్లి విందులోనో తినాల్సింది ఇది, వారం మధ్యలో మామూలు రాత్రి కాదు.

రెండోసారి క్రీమ్ సగానికి తగ్గించి, ఆ మేరకు పాలు పోశాను. పాస్తా గిన్నెలో ఒక పక్కకు, పాలు మరో పక్కకు చేరాయి. మా అమ్మాయి మర్యాదగా సగం తిని లేచింది. మూడోసారి పాలు, కూరగాయల ముక్కలు కుతకుతలాడుతుండగా కప్పు గడ్డపెరుగు గిలక్కొట్టి గుమ్మరించాను. నిమిషం తిరక్కుండానే మూకుడులో తెల్లటి పలుకులు, వాటి మధ్య లేత పసుపు నీళ్లు.

పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ తలెత్తి చూసింది. ‘‘మజ్జిగ పులుసులో శనగపిండి ఎందుకు కలుపుతామనుకున్నావురా?’’

‘‘రుచికి.’’

‘‘విరక్కుండా.’’

నేను తేరుకునేలోపే మరో మాట అంది. చిల్లుల గిన్నెలో పాస్తా వంచి ఆ నీళ్లు సింకులోకి వదులుతున్నాను. ‘‘ఒరే, ఆ గంజి పారబోస్తావేంట్రా?’’

నలభయ్యేళ్లు వంట చేసిన మనిషి ఒక్క సాయంత్రంలో ఇచ్చిన ఈ రెండు సలహాల్లోనే తేలికపాటి పాస్తా కిటుకంతా ఉంది. మిగతాదంతా వివరణే.

క్రీమీ అన్న మాట వినగానే క్రీమ్ కోసం పరిగెత్తడం మన పొరపాటు. నిజానికి నాలుక అడిగేవి రెండే: నునుపు, చిక్కదనం. ద్రవంలో కొవ్వు సన్నటి బొట్లుగా, విడిపోకుండా పరుచుకుని ఉంటే నాలుకకు నున్నగా తగులుతుంది. ఆ ద్రవం జారిపోకుండా ముక్కను పట్టుకుని ఉంటే చిక్కగా అనిపిస్తుంది. క్రీమ్ ఈ రెండు పనులూ ఒంటిచేత్తో చేసిపెడుతుంది. పైగా అందులో కొవ్వు ఎక్కువ, ప్రొటీన్ తక్కువ గనుక మరిగించినా ఓ పట్టాన విరగదు. హోటల్ వంటవాళ్లకు అదంటే అంత ఇష్టం అందుకే. రద్దీ వేళ ఐదు నిమిషాలు పొయ్యి మీద మర్చిపోయినా కొంప మునగదు.

ఇదే పని పిండి పదార్థం కూడా చేస్తుంది. గోధుమలోని పిండి కణాలు వేడి సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. చుట్టూ ఉన్న ద్రవం చిక్కబడుతుంది. పెరుగులోని ప్రొటీన్లు వేడికి ఒకదాన్నొకటి పట్టుకుని ముద్ద కట్టబోతే పిండి మధ్యలో అడ్డం పడుతుంది. కొవ్వు బొట్లు ఒకదాన్నొకటి చేరి పైకి తేలబోతే వాటినీ ఆపుతుంది. మజ్జిగ పులుసులో శనగపిండి చేసేది ఇదే. గంజిలో చిటికెడు ఉప్పు, కాస్త మజ్జిగ కలుపుకుని తాగినప్పుడు గొంతులో నున్నగా దిగేదీ ఇందుకే. పాస్తా ఉడికిన నీళ్లంటే గోధుమ గంజి. అంతకు మించి రహస్యమేమీ లేదు.

అమ్మ మాటకు సాక్ష్యం పాస్తా పుట్టింట్లోనే దొరుకుతుంది. మన మెనూ కార్డుల్లో ఆల్ఫ్రెడో అని కనిపించే తెల్లటి పాస్తా పేరు రోమ్‌లో హోటల్ నడిపిన ఆల్ఫ్రెడో డి లెలియోది. ఆయన వడ్డించిన వంటకంలో ఉన్నవి పాస్తా, వెన్న, పార్మెజాన్ చీజ్. చుక్క క్రీమ్ లేదు. వేడివేడి పాస్తాతో పాటు వచ్చిన కాసిని ఉడుకు నీళ్లలో వెన్న, చీజ్ కలిసి సాస్ అయ్యేది. 1920లో హాలీవుడ్ తారలు మేరీ పిక్‌ఫోర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ హనీమూన్‌కు వెళ్లి అక్కడ తిన్నాక ఆ పేరు అమెరికాలో మోగిపోయింది. అట్లాంటిక్ దాటిన తర్వాతే అందులోకి క్రీమ్ వచ్చింది, ఆ తర్వాత చికెన్ వచ్చింది. మనకు చేరింది ఈ అమెరికా అవతారం. పుట్టింటివాళ్లు ఎరగని అలవాటు అత్తింట్లో అబ్బిందన్నమాట.

రోమ్‌లోనే మరో పాత వంటకం కాచో ఎ పెపె. అందులో ఉండేవి గొర్రెపాల చీజ్, మిరియాలు, పాస్తా, అది ఉడికిన నీళ్లు. చేయి తిరిగినవాళ్లకు కూడా ఒక్కోసారి చీజ్ ఉండ కట్టి చెడిపోతుంది. ఎందుకిలా జరుగుతుందో కనిపెట్టేందుకు కొందరు ఇటాలియన్ భౌతిక శాస్త్రవేత్తలు ఏకంగా ప్రయోగాలు చేసి 2025లో పరిశోధన పత్రం ప్రచురించారు. చీజ్ బరువులో 2 నుంచి 3 శాతం పిండి ఉంటే సాస్ నున్నగా నిలుస్తుందని, 1 శాతం కన్నా తగ్గితే ముద్ద కడుతుందని తేల్చారు. మామూలుగా ఉడికించిన నీళ్లలో అంత పిండి ఉంటుందన్న నమ్మకం లేదు కనుక విడిగా కాస్త స్టార్చ్ కలుపుకోవడమే మేలన్నారు. ముందు నవ్వించి ఆ తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ ఆ ఏడాది భౌతికశాస్త్రంలో వాళ్లకే దక్కింది. ఈ కబురు చెబితే మా అమ్మ నవ్వనూ లేదు, ఆలోచించనూ లేదు. ‘‘దానికి బహుమతి కూడానా?’’ అంది.

ఇక వంట. నలుగురికి కావలసినవి: పెన్నె పాస్తా 250 గ్రాములు, ఎముక లేని చికెన్ బ్రెస్ట్ 400 గ్రాములు, టోన్డ్ పాలు 300 మిల్లీలీటర్లు, మైదా రెండు టేబుల్ స్పూన్లు, తురిమిన చీజ్ 40 గ్రాములు, నీళ్లు ఓడ్చిన గట్టి పెరుగు నాలుగు టేబుల్ స్పూన్లు, నూనె నాలుగు చెంచాలు, వెల్లుల్లి ఆరు రెబ్బలు, మిరియాల పొడి, ఉప్పు. కూరగాయలు రెండు పెద్ద కప్పులు: క్యాప్సికమ్, బీన్స్, పుట్టగొడుగులు, స్వీట్‌కార్న్, పాలకూర, ఇంట్లో ఏవుంటే అవి. పాస్తా కొనేటప్పుడు పాకెట్ వెనక డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉందో లేదో చూడండి. మైదాతో చేసినదైతే త్వరగా మెత్తబడి సాస్‌లో కలిసిపోతుంది.

ముందుగా చికెన్. మన వాళ్లకు బ్రెస్ట్ పీస్ అంటే చిన్నచూపు, పీచులా ఉంటుందని. కూర ముక్కలాగా ఇరవై నిమిషాలు ఉడికిస్తే పీచు కాక ఏమవుతుంది? మందంగా ఉన్న ముక్కను అడ్డంగా చీరి వేలు మందాన పలకలు చేయండి. ఉప్పు, మిరియాల పొడి, కొద్దిగా దంచిన వెల్లుల్లి పట్టించి పక్కన పెట్టండి. ఇంతలో పాస్తాకు నీళ్లు కాగుతాయి. పెనం మీద రెండు చెంచాల నూనె వేసి, బాగా వేడెక్కాక పలకలు పరిచి కదపకుండా మూడు నాలుగు నిమిషాలు వదిలేయండి. తిరగేసి మరో మూడు నిమిషాలు. మధ్యలో కోసి చూస్తే గులాబీ రంగు ఉండకూడదు. థర్మామీటర్ ఉన్నవాళ్లు 74 డిగ్రీలు చూసుకుంటే చాలు. దించి ఐదు నిమిషాలు ఆగి కోయండి. ఆగకుండా కోస్తే లోపలి రసమంతా పీటకే దక్కుతుంది.

పాస్తాకు కిలోకు పది లీటర్ల నీళ్లన్నది ఇటలీ లెక్క. ఆ ప్రకారం పావు కిలోకు రెండున్నర లీటర్లు. మనం లీటరున్నరతో సరిపెడదాం. నీళ్లు తగ్గినకొద్దీ గంజి చిక్కనవుతుంది. కాకపోతే మొదటి రెండు నిమిషాలు అడుగంటా కలుపుతూ ఉండాలి, లేకుంటే అంటుకుంటుంది. ఉప్పు ఒక్క చెంచా చాలు. సముద్రమంత ఉప్పగా ఉండాలని పుస్తకాలు రాస్తాయి గానీ, ఆ నీళ్లే తిరిగి సాస్‌లోకి వస్తాయి, చీజ్‌లో ఎలాగూ ఉప్పుంది. పాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే దించండి. ఇటాలియన్లు అల్ డెంటే అని గొప్పగా చెప్పుకునేదాన్ని మన వంటవాళ్లు పలుకు మీద దించడం అంటారు. పులిహోరకు అన్నం ఎలా వారుస్తామో అలాగే. వార్చే ముందు రెండు కప్పుల గంజి తీసి పక్కన పెట్టుకోవడం మరవొద్దు. నేను మొదట్లో మర్చిపోయేవాణ్ని. అందుకే ఇప్పుడు చిల్లుల గిన్నెలోనే ఖాళీ గ్లాసు పెడతాను, అది కనపడగానే గుర్తొస్తుంది.

పాస్తా ఉడుకుతుండగానే సాస్ అయిపోవాలి. పుస్తకాల పద్ధతిలో వెన్న కరిగించి, మైదా వేయించి, పాలు పోయాలి. ఆ వెన్న అక్కర్లేదు. రాగి జావకు పిండిని చల్లటి నీళ్లలో కలుపుకుంటాం గదా, అలాగే మైదాను చల్లటి పాలలో ఉండల్లేకుండా కలపండి. వేడి పాలలో పిండి చల్లితే ఉండ పైభాగం వెంటనే ఉడికి తలుపు మూసేసినట్టవుతుంది, లోపల పొడి పిండి పొడిగానే మిగిలిపోతుంది. లోతైన మూకుడులో మిగిలిన రెండు చెంచాల నూనె వేసి సన్నగా తరిగిన వెల్లుల్లి, ఆ తర్వాత కూరగాయలు పెద్ద మంట మీద మూడు నిమిషాలు వేయించండి. పాలకూర ఉంటే చివర్లో. పిండి కలిపిన పాలు మరోసారి తిప్పి పోయండి. మంట తగ్గించి, అడుగు అంటకుండా కలుపుతూ ఉంటే నాలుగైదు నిమిషాల్లో గరిటెకు పూతలా పట్టుకుంటుంది. మరో రెండు నిమిషాలు ఉంచితే పచ్చి పిండి వాసన పోతుంది. కాస్త జాజికాయ అరగదీసి వేస్తే పాల సాస్‌కు మంచి వాసన వస్తుంది. చిన్నపిల్లలున్న ఇళ్లలో అది ఎలాగూ ఉంటుంది.

ఇప్పుడు పాస్తాను అందులో వేసి, ముప్పావు కప్పు గంజి పోసి, రెండు నిమిషాలు మంట మీద తిప్పండి. మిగిలిన పలుకు సాస్‌లోనే ఉడుకుతుంది, రుచి లోపలికి పడుతుంది. ఇక్కడ పొయ్యి ఆపేయండి. ఇదొక్కటే ఖచ్చితంగా పాటించాల్సిన నియమం. మంట ఆపాకే చీజ్. దాని తర్వాతే పెరుగు, అదీ ఒక గరిటెడు వేడి సాస్‌తో విడిగా కలిపి, అప్పుడు మూకుడులోకి. సాస్‌లో ఉబ్బి ఉన్న పిండి విరగనివ్వదు. కొద్దిపాటి పులుపు వాసన పెరుగు తెచ్చిపెడుతుంది. చిక్కబడితే ఇంకాస్త గంజి. చూడ్డానికి కొంచెం పల్చగా ఉన్నప్పుడే వడ్డించాలి. కంచంలోకి వెళ్లేసరికి సరిగ్గా ఉంటుంది.

చీజ్ గురించి ఒక మాట. ఆహార పండితులు ప్రాసెస్డ్ చీజ్ పేరెత్తితే ముఖం చిట్లిస్తారు. ఈ సాస్ వరకు అది మనకు మేలే చేస్తుంది. కరిగినప్పుడు కొవ్వు, ప్రొటీన్ విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు అందులో ముందే కలిపి ఉంటాయి. ఖరీదైన పార్మెజాన్ కొంటే మాత్రం సన్నగా తురిమి వేయండి, ఘాటు ఎక్కువ గనుక సగమే సరిపోతుంది.

మా ఇంట్లో చికెన్ చివరిదాకా సాస్‌లో కలవదు. అమ్మ వాటా ముందే తీసి, వేయించిన పుట్టగొడుగులు పైన వేసి ఇస్తాం. ఆ తర్వాతే చికెన్ ముక్కలు, వాటి నుంచి ఊరిన రసంతో సహా మూకుడులో పడతాయి. శనివారం, గురువారం పాటించే పెద్దలు, అన్ని రోజులూ ఒకటే అనే పిల్లలు ఒకే కప్పు కింద ఉండే ఇళ్లు మన దేశంలో కోకొల్లలు. చికెన్‌ను విడి పెనం మీద వండడమన్న చిన్న ఏర్పాటుతో ఒకే వంట అందరిదీ అవుతుంది. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం అరకప్పు గంజి దాచండి. పిండితో చిక్కబడ్డ సాస్ చల్లారితే క్రీమ్ సాస్ కన్నా త్వరగా గట్టిపడుతుంది. గంజి చిలకరించి వేడి చేస్తే మళ్లీ మాట వింటుంది.

మొదటి లెక్కే మళ్లీ వేద్దాం. 3 శాతం కొవ్వున్న టోన్డ్ పాలు 300 మిల్లీలీటర్లలో 9 గ్రాములు, చీజ్‌లో 10, పెరుగులో సుమారు 3. వెరసి 22, మనిషికి 5 పైచిలుకు. నాలుగు చెంచాల నూనె కలుపుకున్నా సుమారు 10. 27 ఎక్కడ, 10 ఎక్కడ! ఇందుకు అరగంట కన్నా ఎక్కువ పట్టదు. తెప్పించుకున్న డబ్బా గుమ్మం దగ్గరికి రావడానికి పట్టే సమయమూ దాదాపు అంతే.

తేలిక పేరుతో చలామణీలో ఉన్న మరికొన్ని ఉపాయాలూ ప్రయత్నించాను. జీడిపప్పు ముద్ద అందులో మొదటిది. క్రీమ్ కన్నా మంచిదనే మాటలో కొంత నిజముంది, అందులోది ఎక్కువగా అసంతృప్త కొవ్వు. కానీ జీడిపప్పు బరువులో దాదాపు 45 శాతం కొవ్వే. గుప్పెడు రుబ్బి పోసి తేలిక వంట అనుకోవడం ఆత్మవంచన. రెండోది ఉడికించిన కాలీఫ్లవర్ రుబ్బి కలపడం. కొవ్వు లేదు, పీచు ఉంది, అంతా బాగుంది. కాకపోతే అది కాలీఫ్లవర్ లాగే ఉంటుంది. మా అమ్మాయి వాసన చూసే కనిపెట్టేసింది. మైదాకు బదులు గోధుమపిండి వాడొచ్చు. రంగు కాస్త మాసినట్టుంటుంది గానీ రుచికి ఢోకా లేదు.

ఇన్ని చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. క్రీమ్ తీసేశాం గదా అని ఇంకో రెండు గరిటెలు వడ్డించుకుంటే పొదుపు చేసిందంతా అక్కడే ఖర్చవుతుంది. పొడి పాస్తా 100 గ్రాములకు సుమారు 350 కేలరీలు. తినేవాళ్లు నలుగురైతే 250 గ్రాములు అన్న కొలత అందుకే పెట్టాను. అంటే మనిషికి 60 గ్రాముల పైచిలుకు. మిగతా కడుపు కూరగాయలు, చికెన్ నింపాలి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైగా ఉన్నారని అంచనా వేసింది. అలాంటివాళ్లున్న కుటుంబాలు ఎన్నో. వాళ్లకు కూడా పలుకు మీద దించిన పాస్తా మెత్తగా ఉడికినదానికన్నా మేలు, దాన్నుంచి చక్కెర రక్తంలోకి కాస్త నెమ్మదిగా చేరుతుంది. అయినా కొలత కొలతే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో సవరించి విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజు మొత్తం ఆహారంలో సుమారు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలే ఉండాలంటున్నాయి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దంటున్నాయి. పాస్తా నీళ్లలో ఉప్పు తగ్గించమన్నది, కూరగాయలు రెండు కప్పులు పెట్టింది అందుకే. గుండె జబ్బుకో, మూత్రపిండాలకో పథ్యం ఉన్నవాళ్లు తమ డాక్టర్ మాటే వినాలి. ఈ పేజీ మాట కాదు.

నాలుగో ప్రయత్నంలో ఇదంతా కుదిరింది. మా అమ్మాయి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించింది. ‘‘బయటిదంత కాదు, కానీ బావుంది’’ అని తీర్పు చెప్పింది. నిజమే. వెన్న, క్రీమ్ కలిసి ఇచ్చే ఆ బరువైన రుచి ఇందులో లేదు, ఉందని చెప్పడం అబద్ధం. బదులుగా వెల్లుల్లి, మిరియం, చికెన్ దేని రుచి దానికి తెలుస్తుంది. క్రీమ్ ఇన్నాళ్లూ వాటి మీద దుప్పటి కప్పింది. తిన్న గంటకు నిద్ర ముంచుకురాదు, మర్నాడు పొద్దున ఆకలేస్తుంది.

అమ్మ రెండు ముక్కలు రుచి చూసి, ‘‘కారం లేని మజ్జిగ పులుసులో సేమ్యా వేసినట్టుంది’’ అంది. మెచ్చుకోలో కాదో తెలియలేదు. కానీ గిన్నె ఖాళీ చేసింది. ఆ మరుసటి గురువారం ఏడున్నరకు తనే నీళ్లు పొయ్యి మీద పెట్టి, ‘‘గంజి పారబోయకు’’ అని మరోసారి గుర్తుచేసింది.

బల్ల మీది ఇస్త్రీ బట్టలు ఇప్పుడు అల్మరాలోకి వెళ్లాయి. ఎనిమిదిన్నరకు మా ఆవిడ వచ్చేదాకా మూకుడు మూత తీయం. ఆవిడ చెప్పులు విప్పుతుండగా నేను దాచిన గంజి చిలకరించి వేడి చేస్తాను. మా అమ్మాయి వంటింట్లోకి వెళ్లి సొరుగు లాగుతుంది. ఫోర్కుల చప్పుడు వినిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఎన్ని ఉన్నాయో నేను ప్రతిసారీ చూస్తాను. మూడు ఫోర్కులు, మా అమ్మకు ఒక చెంచా.